చొక్కా జేబుకు బెత్తెడు దూరంలో

మన దర్జీలు చొక్కాకు జేబు ఎడమవైపే కుడతారు. పేస్‌మేకర్‌నూ చాలామందికి ఎడమవైపే, కాలర్ బోన్‌కు కాస్త దిగువన చర్మం చాటున అమరుస్తారు. రెండింటికీ నడుమ బెత్తెడు దూరం ఉంటే ఎక్కువ. ఇక ఫోన్ పెట్టుకునేది ఎక్కడో చెప్పక్కర్లేదు.

2020 చివర్లో వచ్చిన ఐఫోన్ 12 వీపున, ఛార్జర్ సరిగ్గా అతుక్కోవడానికి, అయస్కాంతాలను వలయంగా పేర్చారు. కొద్ది నెలలకే అమెరికాలోని మిషిగన్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు ఆ ఫోన్‌ను ఐసీడీ ఉన్న ఒక రోగి ఛాతీ దగ్గరికి తెచ్చి చూశారు. గుండె అదుపు తప్పి పరుగెత్తినప్పుడు షాకిచ్చి దారికి తెచ్చే పరికరం ఐసీడీ. ఫోన్ దగ్గరకు రాగానే అది షాకిచ్చే పనిని పక్కన పెట్టేసింది.

చెడిపోయిందా? లేదు, చెప్పిన మాట విన్నది. అయస్కాంతాన్ని పసిగట్టే మీట ఒకటి దాని లోపల కావాలనే పెట్టారు. ఆపరేషన్‌లో కరెంటు కత్తి వాడినప్పుడు ఆ విద్యుత్ గోలను ఐసీడీ గుండె గోల అనుకుని షాకివ్వొచ్చు. అందుకే వైద్యులు గారెలా నడుమ చిల్లున్న అయస్కాంతాన్ని ఛాతీ మీద పెడతారు. ఐసీడీ షాకులు మానేస్తుంది. పేస్‌మేకరైతే గుండె సొంత చప్పుడు పట్టించుకోకుండా గడియారంలా ఒకే వేగంతో కొడుతుంది. అయస్కాంతం తీస్తే సాధారణంగా అంతా మామూలే. మీట పడడానికి సుమారు 10 గాస్ అయస్కాంత బలం చాలు. పెట్టింది డాక్టరా, ఫోనా అన్నది పాపం దానికేం తెలుసు!

ఊరట ఏమిటంటే, చిన్న అయస్కాంతం ప్రభావం దూరం రెట్టింపైతే దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అమెరికాలో వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో చెప్పిన ఎడం 6 అంగుళాలే, అంటే జానెడు కన్నా తక్కువ. ఫోన్ ప్యాంటు జేబులోకి మారితే సరి.

ఇండక్షన్ స్టవ్‌ది వేరే కథ. దాని అయస్కాంత క్షేత్రం సెకనుకు వేలసార్లు దిశ మారుస్తూ, గుండెలోకి వెళ్లే తీగలో దొంగ సంకేతాన్ని పుట్టించగలదు. రెండడుగుల ఎడంగా నిలబడమనేది అందుకే.

ఫోన్‌ను ప్యాంటు జేబులోకి మార్చినవాళ్లు కూడా ఇయర్‌ఫోన్లను మరిచిపోతారు. మాటలయ్యాక అవి చెవుల్లోంచి జారి, వైరుకు వేలాడుతూ సరిగ్గా పేస్‌మేకర్ మీదికే వస్తాయి. ఆ బుడిపెల్లోనూ ఉండేవి నియోడిమియం అయస్కాంతాలే.