అద్దె ఇల్లు, పెంపుడు జంతువు, అలర్జీ: ఒంటారియో చట్టం చెప్పేదేమిటి?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, గ్రాండ్ నది ఒడ్డున ఉన్న కేంబ్రిడ్జ్ నగరం 1973లో గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అనే పట్టణాల కలయికతో ఏర్పడింది. యజమాని పైఅంతస్తులో ఉంటూ బేస్‌మెంట్‌ను అద్దెకివ్వడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. అటువంటి ఇళ్ళ ఒప్పందాలలో తరచుగా కనిపించే వాక్యం: ‘పెంపుడు జంతువులు నిషిద్ధం’. ఇరుపక్షాలూ సంతకం చేసిన ఆ వాక్యానికి చట్టం దృష్టిలో విలువ లేదన్న సంగతి ఇటు యజమానులలోను, అటు అద్దెదారులలోను చాలామందికి తెలియదు.

ఒంటారియో నివాస అద్దెల చట్టం 2006లో రూపొంది, 2007 జనవరి 31 నుండి అమలులోకి వచ్చింది. అందులోని 14వ సెక్షన్ ప్రకారం, అద్దె ఇంట్లో జంతువులు ఉండరాదని ఒప్పందంలో రాసుకున్న ఏ నిబంధనైనా చెల్లదు. జంతువు లేదని చెప్పి ఇంట్లో చేరిన వ్యక్తి మరునెలలో పిల్లిని తెచ్చుకున్నా, ఆ ఒక్క కారణంతో అతన్ని ఖాళీ చేయించడం సాధ్యం కాదు.

ఈ రక్షణకు పరిమితులున్నాయి. ఒప్పందం కుదరకముందు, జంతువు ఉన్నదన్న కారణంతో ఇల్లు ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ యజమానికి ఉన్నది. యజమానితో గాని, ఆయన భార్యాబిడ్డలతోను తల్లిదండ్రులతోను గాని వంటగదినో స్నానాలగదినో పంచుకోవలసిన అద్దెకు ఈ చట్టమే వర్తించదు. కాండోమినియంలలో ఆ సంఘపు ప్రకటనపత్రం జంతువులను నిషేధిస్తే, అద్దెదారు కూడా దానికి కట్టుబడాలి.

మరి జంతువు కారణంగా అద్దెదారును ఎప్పుడు పంపవచ్చు? 76వ సెక్షన్ మూడు సందర్భాలను పేర్కొన్నది. మొదటిది, అది ఇతరుల ప్రశాంతతకు గణనీయంగా భంగం కలిగించడం. రెండవది, యజమానికి గాని మరో అద్దెదారుకు గాని తీవ్రమైన అలర్జీ కలిగించడం. మూడవది, ఆ జాతి జంతువు స్వభావరీత్యా ప్రమాదకరం కావడం. వీటిలో ఒకటైనా నిరూపితమైతే తప్ప ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు జంతువు కారణంగా తొలగింపు ఉత్తర్వు ఇవ్వదు. తనంత తానుగా తాళం మార్చే అధికారం యజమానికి ఎన్నడూ లేదు.

వీటిలో చిక్కైనది అలర్జీ. పిల్లి వల్ల వచ్చే అలర్జీకి ముఖ్యకారణం ఫెల్ డి 1 అనే ప్రోటీన్. ఇది వెంట్రుకలో పుట్టదు. లాలాజలంలోను, చర్మగ్రంథులలోను తయారై, పొడి చర్మపు రేణువులతో గాలిలోకి చేరుతుంది. అందువల్ల బొచ్చు రాలని జాతి అని కొన్నంత మాత్రాన భయం తీరదు. జంతువు వెళ్ళిపోయిన తరువాత కూడా ఈ ప్రోటీన్ తివాచీలలోను, సోఫాలలోను నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఒకే ఫర్నేస్, ఒకే గాలిగొట్టాలు ఉన్న ఇంట్లో కింది అంతస్తు గాలి పైకి చేరుతుంది. కాబట్టి బేస్‌మెంట్‌లోని పిల్లి పైనున్న ఉబ్బసరోగికి ఇబ్బంది కలిగించడం అసంభవమేమీ కాదు.

అయితే బోర్డు ముందు అనుమానం చాలదు. అలర్జీ తీవ్రమైనదని వైద్యుని ధ్రువపత్రం, పరీక్షల ఫలితాలు చూపడం మేలు. అద్దెదారు పెంచుతున్న జంతువు ఆ అలర్జీకి కారణం కాదని, అందుకు తోడ్పడలేదని బోర్డు నమ్మితే ఉత్తర్వు రాదు. మామూలుగా యజమాని ఇచ్చే ఎన్5 అనే మొదటి నోటీసుకు కనీసం 20 రోజుల గడువుంటుంది. తొలి ఏడు రోజులలో సమస్యను సరిదిద్దితే ఆ నోటీసు రద్దవుతుంది. యజమాని కూడా నివసించే, మూడుకు మించి వాటాలు లేని ఇంట్లో మాత్రం, సరిదిద్దుకునే అవకాశం లేకుండా పది రోజుల నోటీసు ఇచ్చే మార్గం ఉన్నది.

డబ్బు విషయంలోనూ అపోహ ఉన్నది. ఒంటారియోలో యజమాని తీసుకోగలిగినది చివరి నెల అద్దెకు సరిపడే డిపాజిట్ మాత్రమే. జంతువు పేరిట అదనపు డిపాజిట్ చట్టవిరుద్ధం. బ్రిటిష్ కొలంబియాలో అయితే సగం నెల అద్దె వరకు అటువంటి డిపాజిట్ తీసుకోవచ్చు. నష్టం జరిగితే ఒంటారియో యజమాని బోర్డు ద్వారా పరిహారం కోరాలి.

వైకల్యం గల వ్యక్తికి తోడుగా ఉండే సహాయక జంతువును పెంపుడు జంతువుగా లెక్కించరాదు. మానవహక్కుల కోడ్ ప్రకారం, మోయలేనంత కష్టం కలగనంత వరకు ఆ వ్యక్తి అవసరాన్ని మన్నించాలి. తీవ్రమైన అలర్జీ కూడా వైకల్యం కావచ్చు. అప్పుడు ఒకరి హక్కు, మరొకరి ఊపిరి ఎదురెదురుగా నిలుస్తాయి. వాటాలు మార్చడం, గాలి వడపోత పెంచడం, గాలిగొట్టాలను వేరుచేయడం వంటి ఉపాయాలను ముందు పరిశీలించాలి.

కనుక ఇంట్లో అలర్జీ రోగి ఉన్న యజమాని, నిషేధవాక్యాన్ని నమ్ముకోవడం కన్నా, ఒప్పందానికి ముందే ఆ సంగతిని, ఇంటి గాలిగొట్టాల తీరును స్పష్టంగా చెప్పడం క్షేమం. అద్దెకు వచ్చేవారు కూడా చట్టం అండగా ఉన్నది కదా అని జంతువును దాచిపెట్టరాదు. ఆ అండ తీవ్రమైన అలర్జీ రుజువైన చోట నిలవదు. చలికాలం నడుమ ఇల్లు వెతుక్కోవలసి వచ్చేది వారే.