చెక్క మెట్లు ఎందుకు చివికిపోతాయి?

"తాతయ్యా, ఇనుముకి తుప్పు పడుతుంది కదా. మరి చెక్కకి ఏం పడుతుంది?" అని అడిగింది మా మనవరాలు. ఉత్తర కరోలినాలో వాళ్ళ ఇంటి ముందు గుమ్మానికి చెక్క మెట్లు ఉన్నాయి. అందులో ఒకటి కాలు పెడితే మెత్తగా దిగుతోంది.

మంచి ప్రశ్న అమ్మలూ. చెప్తాను, కూర్చో. మీ అమ్మానాన్నల్ని కూడా పిలువు. బాగుచేయాల్సింది వాళ్ళే కదా.

నీళ్ళు పడితే చెక్క కుళ్ళిపోతుందని అందరూ అంటారు. నిజానికి నీరు చెక్కను తినదు, తినేది శిలీంధ్రం. వానాకాలంలో దుంగల మీద పుట్టగొడుగులు చూశావే, వాటి జాతిదే. పైకి కనిపించే గొడుగు దాని పండు మాత్రమే. అసలు ఒళ్ళంతా సన్నటి దారపు పోగుల్లా చెక్క లోపల అల్లుకుని ఉంటుంది. ఆ పోగులు ఊరించే రసాలు చెక్కను కరిగిస్తాయి. కరిగినదాన్ని అవి పీల్చుకుంటాయి.

చెక్కలో ముఖ్యంగా రెండు పదార్థాలున్నాయి. బలాన్నిచ్చే పీచు సెల్యులోజ్. ఆ పీచును పట్టి ఉంచే జిగురు లిగ్నిన్. ఒక రకం శిలీంధ్రం సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, చిన్న చిన్న గళ్ళుగా పగిలి, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. ఇంకో రకం లిగ్నిన్‌ను కూడా తింటుంది. అప్పుడు చెక్క తెల్లబడి పీచుపీచుగా ఊడొస్తుంది. మీ మెట్టు గళ్ళుగా పగిలింది కాబట్టి అది మొదటి రకం పనే. దీనితో ఒక ప్రమాదం ఉంది. చెక్క పైకి బాగానే కనిపిస్తున్నప్పుడే లోపల బలం చాలావరకు పోయి ఉంటుంది. అందుకే కంటితో చూసి మెట్టు గట్టిగా ఉందని అనుకోకూడదు.

ఈ శిలీంధ్రం బతకడానికి నాలుగు కావాలి: తిండి, నీరు, గాలి, కాస్త వెచ్చదనం. తిండి చెక్కే. గాలిని, వెచ్చదనాన్ని మనం ఆపలేం. మన చేతిలో ఉన్నది నీరు ఒక్కటే. వంద గ్రాముల పొడి చెక్కలో ఇరవై గ్రాముల లోపు నీరున్నంత కాలం శిలీంధ్రం పెరగలేదు. నీరు ముప్పై గ్రాముల దాకా వెళ్ళిందంటే శిలీంధ్రానికి పండగే.

మరి నీళ్ళలో మునిగిన చెక్క ఏమవ్వాలి? స్వీడన్ వాళ్ళ యుద్ధనౌక వాసా 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయింది. 1961లో పైకి తీస్తే ఓడ దాదాపు మొత్తంగా వచ్చింది. అడుగున గాలి అందక శిలీంధ్రం పెరగలేదు. ఆ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తొలిచే ఓడపురుగు కూడా అక్కడ లేదు. చూశావా, ఎప్పుడూ పొడిగా ఉన్న చెక్క చెడదు, గాలి అందకుండా ఎప్పుడూ మునిగి ఉన్న చెక్కా అంత తొందరగా చెడదు. తడిసి, ఆరీ ఆరకుండా ఉండి, మళ్ళీ తడిసే చెక్కే తొందరగా చెడుతుంది. వాకిట్లో మెట్ల బతుకు సరిగ్గా అదే.

ఇప్పుడు మెట్లను కిందనుంచి చూద్దాం. మెట్టు పలకల్ని మోసేది పక్కన ఏటవాలుగా ఉన్న పెద్ద దూలం. ఇక్కడి వడ్రంగులు దాన్ని స్ట్రింగర్ అంటారు. మెట్లు కూర్చోవడానికి దాన్ని రంపపు పళ్ళలా కోస్తారు. ఆ కోతల దగ్గర చెక్క పీచు తలలు బయటపడతాయి. చెట్టుగా ఉన్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీళ్ళు మోసిన సన్నటి గొట్టాలే ఆ పీచు. వరిగడ్డి మోపును నీళ్ళలో నిలబెడితే ఎలా పీలుస్తుందో, కోసిన కొసలు నీటిని అలా పీలుస్తాయి. పలక పైభాగం వాన తగిలినా తొందరగా ఆరిపోతుంది. పలకకూ దూలానికీ మధ్య సందులో దూరిన నీరు మాత్రం ఎండా గాలీ తగలక అక్కడే ఉంటుంది. ఆకులు, మట్టి చేరితే ఇంకా అధ్వాన్నం. మేకు దిగిన రంధ్రం, నేలకు ఆనిన అడుగు, ఇంటి గోడకు కలిసే పైకొస, ఇవీ అలాంటి చోట్లే.

అందుకని బాగుచేసే ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని ఈ చోట్లన్నీ పొడిచి చూడాలి. మంచి చెక్క ఎదురుతిరుగుతుంది, చివికిన చెక్కలోకి మొన సులువుగా దిగిపోతుంది. ఒక్క పలకే చెడితే పలక మారిస్తే చాలు. స్ట్రింగర్ చివికితే దాన్నే మార్చాలి. పుట్టీ మెత్తి రంగు వేయడం మనుషుల బరువు మోసే దూలానికి పనికిరాదు. రంగు లోపలి తడిని బంధించి కుళ్ళును ఇంకా పెంచుతుంది. ఇంటి గోడకు బిగించిన పట్టీ కూడా చివికి ఉంటే మాత్రం పని తెలిసిన మనిషిని పిలవాలి. అక్కడ ఉత్త మేకులు నమ్మదగ్గవి కావు. లాగే బరువుకు మేకు జారి వచ్చేస్తుంది, బోల్టులే ఉండాలి.

కొత్త చెక్క కొనేటప్పుడు మందు ఎక్కించిన చెక్క అడగాలి. దాన్ని పెద్ద ఉక్కు గొట్టంలో పెట్టి, లోపలి గాలి తోడేసి, మందు నీళ్ళు నింపి గట్టిగా ఒత్తిడి పెడతారు. మందు పీచులోకి లోతుగా దిగుతుంది. ఇక్కడ మనం తెలుసుకోవలసిన పేరు ఒకటుంది: శొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందును ఆయన కనిపెట్టారు. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది. ఆర్సెనిక్ పురుగుల్నీ, రాగికి లొంగని శిలీంధ్రాల్నీ చంపుతుంది. ఈ రెండూ వానకు కొట్టుకుపోకుండా క్రోమియం చెక్కకు పట్టి ఉంచుతుంది. ఆ మందు ప్రపంచమంతా పాకింది. అమెరికాలో దశాబ్దాల పాటు వాకిళ్ళు, కంచెలు, కరెంటు స్తంభాలు దాని మీదే నిలబడ్డాయి. శొంఠి వారి పేరు వినగానే మన తెలుగు ఇంటిపేరని ఎవరైనా చెప్తారు. ఈ మాట నువ్వు బడిలో చెప్పాలి అమ్మలూ.

ఆర్సెనిక్ విషం కాబట్టి 2003 చివరి నుంచి అమెరికాలో ఇళ్ళకు వాడే చెక్కలో ఆ మందు మానేశారు. ఇప్పుడు రాగి ఎక్కువగా ఉండే వేరే మందులు వాడుతున్నారు. మీ మెట్లు అంతకుముందు కట్టినవైతే పాత ముక్కల్ని పొయ్యిలో కాల్చకూడదు, ఆ పొగలో విషం ఉంటుంది. కోసేటప్పుడు ముక్కుకు మాస్క్ పెట్టుకోవాలి, పనయ్యాక చేతులు కడుక్కోవాలి.

కొత్త మందులతో ఒక చిక్కు ఉంది. వాటిలో రాగి ఎక్కువ. తడిలో రాగి, ఇనుము పక్కపక్కన ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి ఇనుము తొందరగా తుప్పుపట్టి తరిగిపోతుంది. అందుకే మామూలు మేకులు పనికిరావు. కరిగిన జింకులో ముంచి తీసినవో, స్టెయిన్‌లెస్ స్టీల్‌వో వాడాలి. ఇంకొకటి, మందు చెక్క నడిమధ్య దాకా అన్నిసార్లూ దిగదు. రంపంతో కోసిన ప్రతి చోటా రాగి నాఫ్తెనేట్ మందును బ్రష్షుతో పట్టించాలి. గొట్టాల నోళ్ళు అక్కడే తెరుచుకుని ఉన్నాయి కదా.

ఇక కొలత. పాత స్ట్రింగర్ సరిగా ఉంటే దాన్నే అచ్చుగా పెట్టుకుని కొత్తది గీసుకోవచ్చు. అమెరికాలో చాలాచోట్ల పాటించే మాదిరి ఇళ్ళ నిబంధన ప్రకారం (మీ రాష్ట్రంలో అంకెలు వేరుగా ఉండొచ్చు, కనుక్కోవాలి) మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు దాటకూడదు, అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలకు తగ్గకూడదు. అన్నిటికంటే పెద్ద మెట్టుకూ చిన్న మెట్టుకూ తేడా ⅜ అంగుళం మించకూడదు. అంత చాదస్తం ఎందుకంటావా? ఒకటి రెండు మెట్లు ఎక్కగానే కాలు ఆ ఎత్తును నేర్చుకుంటుంది. ఆ తర్వాత మనం చూడం, కాలు తనంతట తనే లేస్తుంది. ఒక్క మెట్టు తేడాగా ఉంటే వేలు తగిలి ముందుకు పడతాం. ఇందులో చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. స్ట్రింగర్ కోతలన్నీ 7 అంగుళాలకు కోసి, వాటి మీద అంగుళం మందం పలకలు వేశామనుకో. కింది మెట్టు 8 అంగుళాలు అవుతుంది, పైన ఆఖరిది 6 అంగుళాలే మిగులుతుంది. అందుకని స్ట్రింగర్ అడుగు నుంచి పలక మందమంత ముందే కోసేయాలి.

స్ట్రింగర్ అడుగు మట్టిలో దిగకూడదు. సిమెంటు దిమ్మ మీద, కుదిరితే లోహపు పాదంతో కాస్త ఎత్తి నిలబెట్టాలి. మన మండువా లోగిళ్ళలో చెక్క స్తంభాన్ని నేల మీద కాకుండా రాతి దిమ్మ మీద నిలబెట్టింది ఇందుకే. నేల తడి పైకి ఎక్కకూడదని ఆ వడ్రంగులకు తెలుసు. పలకల మధ్య నీరు జారిపోయేంత సందు ఉంచాలి. మెట్టు ముందుకు కొద్దిగా, వంద అంగుళాలకు రెండు అంగుళాలు మించకుండా వాలాలి. పైన చూరు నీళ్ళు మెట్ల మీదే పడుతుంటే ముందు ఆ ధారను పక్కకు మళ్ళించాలి. రంగుకు తొందరపడకూడదు. మందు చెక్క తరచుగా కొట్టు నుంచే తడిగా వస్తుంది. నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చూడు. బొట్లుగా నిలిస్తే ఇంకా ఆరలేదు, పీల్చుకుంటే రంగుకు సిద్ధం.

ఇన్ని చెప్పినా సారం ఒక్కటే. చివికిన పలక తీసి కొత్త పలక వేయడం సగం పనే. నీళ్ళు ఎక్కడ ఆగాయో వెతికి, అవి వెళ్ళడానికి దారి చేస్తేనే మిగతా సగం పూర్తవుతుంది. అది చేయకపోతే శిలీంధ్రానికి కొత్త భోజనం వడ్డించినట్టే.

ఇది చదువుతున్న అమెరికా తెలుగు వాళ్ళందరికీ ఒక మాట. ఆ మెట్ల మీద మీ పిల్లలు పరుగెడతారు, ఊరినుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతారు. ఆకులు రాలే కాలం అయ్యాక ఏటా ఒకసారి మెట్ల సందులు ఊడ్చి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన దిగితే ఆలస్యం చేయకుండా ఆ మెట్టు మార్చండి.