చలనచిత్రములలో వీరనాయిక

మన యాలంకారికులు నాయికను స్వాధీనపతికాది భేదములచే నెనిమిది విధములుగా విభజించిరి. వీనిని వరుసగాఁ బరిశీలించినచో నన్నియుఁ బ్రియునితోడి సంబంధమును బట్టి యేర్పడినవే యని తెలియును. ప్రియుఁడు వశుఁడైనచో నొక పేరు, రాకున్నచో నొక పేరు, దేశాంతరగతుఁడైనచో మఱియొక పేరు. ఆయుధము ధరించి శత్రువు నెదిరించు స్త్రీకి నీ విభాగమునఁ జోటు లేదు. వీరరసము ఉత్తమప్రకృతుల నాశ్రయించు నుత్సాహాత్మకమైన రసమని భరతుఁడు చెప్పెనే కాని, యది పురుషుల సొత్తని చెప్పలేదు. అయినను లక్ష్యగ్రంథములలోఁ దదాశ్రయము ప్రాయికముగాఁ బురుషుఁడే. చలనచిత్రములను గూర్చి యిట్టి పత్రికలో వ్రాయుట కొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. కాని శాస్త్రము విడిచిన యీ ఖాళీని తొంబది యేండ్లుగాఁ బూరింపఁ జూచుచున్నది యీ కళయే గదా!

మన కావ్యములలో నిట్టి స్త్రీలు లేకపోలేదు. సంస్కృతభాగవతమున నరకాసురునిపై దండెత్తునపుడు సత్యభామ శ్రీకృష్ణుని వెంట నేఁగుట మాత్రమే కలదు. ఆమెచే యుద్ధము చేయించినవారు మన తెలుఁగుకవులు: ముందు నాచన సోమన, పిదపఁ బోతన. కొప్పు ముడిచి, పయ్యెద సవరించుకొని, పతికొక చూపును పగతునికొక చూపును బంచియిచ్చుచుఁ బోరాడు నాయికను మనవారు కన్నులార చూచిరి. కాని యొక్క విషయము గమనింపవలెను. విల్లు భర్త చేతినుండి వచ్చినది. సేన పాఱిన పిదప నరకుని శిరస్సును ద్రుంచినది భర్త చక్రమే. జైమినిభారతమందలి ప్రమీల యర్జునుని యాగాశ్వమును బట్టి నిలిచిన ధీర; ఆ కథయుఁ బెండ్లితోనే ముగిసినది. 1965లో ‘ప్రమీలార్జునీయ’మను చిత్రముగా వచ్చినపుడును దానికి వేఱు గతి లేకపోయెను.

తెఱమీఁది వీరనాయికలలో నెల్లరు నెఱిఁగిన మొదటి పేరు నాదియా. ఈమె యసలు పేరు మేరీ యాన్ ఎవాన్సు. 1908లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునఁ బుట్టినది. తండ్రి స్కాట్లండువాఁడు, తల్లి గ్రీకువనిత. బాల్యముననే హిందూదేశమునకు వచ్చి, గుఱ్ఱపుస్వారి నేర్చి, సర్కసులోఁ గొంతకాలము పనిచేసి, వాడియా సోదరుల సంస్థయగు వాడియా మూవీటోనునఁ బ్రవేశించెను. 1935లో హోమీ వాడియా దర్శకత్వమున వచ్చిన ‘హంటర్‌వాలీ’ చిత్రమున నీమె రాజకుమారి. దుష్టమంత్రి తన తండ్రిని జెఱపట్టఁగా, ముసుఁగు ధరించి కొరడా చేతఁ బట్టి పీడితులను గాచుట యామె పని. మఱుసటి యేఁట వచ్చిన ‘మిస్ ఫ్రాంటియర్ మెయిల్’లోఁ బరుగెత్తుచున్న రైలుబండి పైకప్పుమీఁద దొంగలతో ముష్టియుద్ధము చేసినది. ఈ సాహసములకుఁ బ్రతినిధులను బెట్టక తానే దిగుచుండెడిది. పిమ్మట 1961లో హోమీ వాడియానే వివాహమాడి, 1996లో బొంబాయిలో మరణించెను.

నాదియాకు ముందే మూకీచిత్రములలో సాహసస్త్రీపాత్రలు గలవు. అయినను జనులు నెత్తిన బెట్టుకొన్నది బంగారుజుట్టును నీలికన్నులును గల యీమెనే. అది పరాధీనకాలము, తెల్లదొరల యేలుబడిలోనున్న ప్రేక్షకులు తెల్లజాతి స్త్రీ భారతరాజకుమారియై దుష్టుని గూల్చుచుండఁగా హర్షధ్వానములు చేయుట చిత్రమే కదా. నా యూహ యిది: తమ యింటి యాఁడుబిడ్డ కియ్యఁజాలని స్వేచ్ఛను వారు పరదేశస్త్రీకి సులభముగా నిచ్చిరి. ఈమె యే కులమునకును గోడలు కాదు, ఏ యింటికిని గూఁతురు కాదు. కావున నీమె గుఱ్ఱమెక్కినచో నెవ్వరి మర్యాదకును భంగము లేదు.

ఇట్టి న్యాయమే తెలుఁగుచిత్రములందును గానవచ్చుచున్నది. 1970లో కె. యస్. ఆర్. దాసు దర్శకత్వమున ‘రౌడీరాణి’ వచ్చెను. ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రముతో నీ దర్శకుఁడు కౌబాయికథను దెచ్చుటకు ఒక్కయేఁడు ముందే విజయలలిత చేతఁ దుపాకి పట్టించెను. నాఁటి విమర్శకులు దీనిని లెక్కింపకుండుటలో నాశ్చర్యము లేదు. విజయలలిత గాని, జ్యోతిలక్ష్మి గాని యితరచిత్రములలో నెక్కువగా క్లబ్బునృత్యములకుఁ బిలువఁబడిన నటీమణులు. తుపాకి వారికే దక్కినది. పతివ్రతాపాత్రలతోఁ బేరొందిన తారలకుఁ గాదు. ‘రౌడీ’ యను విశేషణము చేరినఁ గాని ‘రాణి’కి సాహసము చెల్లదాయెను.

ఈ గోడను బడగొట్టినది విజయశాంతి. ఈమె విజయలలితకు బంధువే యగుట గమనింపఁదగినది. 1985 నాఁటి ‘ప్రతిఘటన’లో, టి. కృష్ణ దర్శకత్వమున, నీమె గృహిణి, అధ్యాపకురాలు. నడివీథిలో నవమానము పొంది, న్యాయము దొరకక, చివరకు జనసమక్షమున గొడ్డలితో దుష్టునిఁ గడతేర్చును. ఇక్కడ విల్లందించు భర్త లేఁడు. చక్రము వేయు హరి లేఁడు. 1990లో ఎ. మోహనగాంధి దర్శకత్వమున వచ్చిన ‘కర్తవ్యము’ నందు వైజయంతి యను పోలీసు అధికారిణి పాత్ర ధరించి, జాతీయోత్తమనటి బహుమానము నందెను. పోరాటపాత్రకు నట్టి గౌరవము లభించుట యల్పవిషయము కాదు. ఈ చిత్రమే 1994లో ‘తేజస్విని’ యను పేర హిందీలోఁ దీయఁబడఁగా నందును నీమెయే నాయిక. అయితే ‘కర్తవ్యము’న నాయిక దండించు నధికారము ఖాకీదుస్తుల మూలమున రాజ్యము నుండి సంక్రమించినది. దుస్తులు తీసినచో నా యధికార మేమగునను ప్రశ్నకు 1997లో దాసరి నారాయణరావు తీసిన ‘ఒసేయ్ రాములమ్మా’ యొకవిధముగా బదులు చెప్పినది. అందలి నాయిక దొరల గడీలో నలిగి, తుదకుఁ దుపాకి పట్టిన తెలంగాణ పల్లెపడుచు. కళాదృష్టితో ‘ప్రతిఘటన’యే మేలని నా యభిప్రాయము, సాహసమందు మాత్రము రాములమ్మదే పైచేయి.

తరువాతి కాలమున వీరనాయిక మరల రాజాంతఃపురమునకుఁ బోయినది. 2009 నాఁటి ‘అరుంధతి’, 2015లో గుణశేఖరుఁడు తీసిన ‘రుద్రమదేవి’ యిందుకు నిదర్శనములు. రెంటను నాయిక యనుష్కయే. ‘రుద్రమదేవి’లోఁ బురుషవేషమే కథకుఁ గీలకము. ఇది కేవలకల్పితము కాదు. గణపతిదేవుఁడు కూఁతునకు రుద్రుఁడని పేరిడినట్లు విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమునఁ జెప్పియున్నాఁడు. కొన్ని శాసనములలో నామె రుద్రదేవమహారాజుగానే కీర్తింపఁబడినది. ముసుఁగు, ఖాకీ, పురుషనామము — వేషములు వేఱైనను మూఁటి ప్రయోజన మొక్కటే.

నల్లగొండ మండలమందలి చందుపట్ల గ్రామమున 1289వ సంవత్సరపు శాసన మొకటి దొరకినది. పువ్వుల ముమ్మడి యను సేవకుఁడు రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జుననాయకునకును బుణ్యముగా భూమి దానము చేసి దీనిని వేయించెను. ఏలిక, సేనాని యొక్కమాఱే గతించినట్లుండుటను బట్టి, ఆమె అంబదేవునితోడి యుద్ధమునఁ గూలి యుండునని చరిత్రకారు లూహించుచున్నారు. ఆ శిలమీఁద నామె రుద్రదేవమహారాజు కాదు, రుద్రమదేవియే. చలనచిత్రము మాత్రము ఆమె యౌవనవిజయముతోనే నిలిచిపోయినది; ఈ వృద్ధరాణి దానఁ గానరాదు.