తైవాన్ పంపు పట్టేస్తే కూలి కోస్తారా?

మహబూబాబాద్ జిల్లాలో మిరప చేలవైపు పొద్దున్నే వెళితే పిట్టల కూతకన్నా ముందు తైవాన్ పంపు రొద వినిపిస్తుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసిన ఏడు ఈ రొద పగలంతా ఆగలేదు. ఆ పంపు వీపున మోసేది కూలివాడు. పంపు చెడితే నింద మోసేదీ అతడే.

ఈమధ్య మరిపెడ వైపు ఒక చేను గట్టున మేము చూసిన సంగతి ఇది. నాలుగో ట్యాంకు కొడుతుండగా ఇంజను కీచుమని ఆగింది. తాడు గుంజితే కదల్లేదు. పిస్టన్ పట్టేసింది. "నడపరాక ఖరాబు చేసినవ్, రిపేరు పైసలు నీ కూలిల కోస్త" అన్నాడు రైతు. "మీరిచ్చిన ఆయిలే పోసిన గదా, మందు సీస మూతతోని ఒక్కటి పొయ్యమంటిరి" అన్నాడు కూలి. మేము సీసా తెప్పించి చూశాం. అది ట్రాక్టరులో పోసే ఇంజనాయిల్!

ఇక్కడ తప్పు ఎవరిదో తేలాలంటే ఇంజను సంగతి తెలియాలి. మోటారుసైకిలు ఇంజనుకు ఆయిల్ నిలిచే గది అడుగున వేరే ఉంటుంది. రెండు స్ట్రోకుల పంపుకు అది లేదు. పెట్రోలులో కలిసి వచ్చే నూనే పిస్టనుకూ బేరింగులకూ తడి. పని చేసి, కాలి, పొగై పోతుంది. పాత లూనా, చేతక్ బండ్లు నడిపిన పెద్దలు బంకులో ఆయిల్ కలిపించుకున్నది ఇందుకే. పడవలకు తగిలించే రెండు స్ట్రోకుల మోటార్లకూ ఇదే లెక్క. ఇలా కాలడానికని తయారుచేసిందే టూటీ ఆయిల్. ట్రాక్టరు ఆయిల్ సరిగా కాలదు. బూడిద మిగిల్చి ప్లగ్గును, పిస్టన్ రింగులను పట్టేస్తుంది.

ఇక కొలత. పంపుతో వచ్చే పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. 50:1 అని ఉంటే 20. పుస్తకం ఏది చెబితే అదే. నూనె తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. ఆ పొగ పోయేది మోసేవాడి ముక్కులోకే. మందు సీసా మూతతో కొలవడం మరీ చెడ్డ అలవాటు. కొలతా తెలియదు, చేతికి విషమూ అంటుతుంది. 20 మిల్లీలీటర్ల కొత్త సిరంజి ఒకటి ఇందుకే కేటాయిస్తే చాలు. ట్యాంకులో కాదు, వేరే డబ్బాలో కలిపి, బాగా ఊపి పోయాలి. ఇంజను వేడిగా ఉండగా, పంపు వీపున ఉండగా పెట్రోలు పోస్తే మనిషి కాలిపోయే ప్రమాదముంది. బీడీ సంగతి చెప్పనక్కరలేదు.

కొన్ని పంపులు నాలుగు స్ట్రోకులవి. వాటికి ఆయిల్ మూత వేరే ఉంటుంది. వాటి పెట్రోలులో నూనె కలపరాదు.

నిన్నమొన్నటిదాకా లేని చిక్కు మరొకటి. బంకు పెట్రోలులో 2022 నాటికి పదోవంతు, 2025 నాటికి ఐదోవంతు ఇథనాలు చేరింది. అది తేమను గుంజుకుంటుంది. డబ్బా నెలలకొద్దీ మూలన పడి ఉంటే నీరూ ఇథనాలూ అడుగుకు దిగుతాయి, నూనె పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజను తాగేది ముందుగా ఆ అడుగునే. అందుకని ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. పని అయిపోయిన కాలంలో ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నది కూడా నడిచి అయిపోయేదాకా ఉంచి ఆపాలి.

ఇప్పుడు చెప్పండి, ఆయిల్ ఇచ్చిందీ కొలత చెప్పిందీ రైతైతే కూలి ఎందుకు కోయాలి? పంపు యజమాని తానే కలిపి ఇవ్వాలి, కొలతను ట్యాంకు మీద పెయింటుతో రాయించాలి అని కూలీలు పనికి ముందే అడగాలి. రైతును శత్రువుగా చూపడం మా ఉద్దేశం కాదు. ఆ చేను రైతు కూడా కౌలుకు చేసేవాడే, ఆ పంపూ కిరాయిదే. గట్టు మీద పదిమంది కూలీలు నిలబడి మాట్లాడాక ఆయన కోత మాట వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన సాళ్లకు మందు మర్నాడు చేతి పంపుతో కొట్టారు.