సన్నబియ్యంతో మిగిలిన పైసలు పప్పులో పెట్టండి

తెలంగాణలో రేషన్ దుకాణాల్లో 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అంటే రోజుకు 800 గ్రాములు. అంతకుముందు దొడ్డు బియ్యం తినలేక బయట సన్నబియ్యం కొన్న ఇళ్లల్లో ఆ ఖర్చు చాలావరకు తగ్గింది. మరి ఆ మిగిలిన పైసలు ఎటు పోతున్నయ్? చాలా ఇళ్లల్లో ఈ లెక్క ఎవరూ చూసుకోరు. పిల్లల చిప్స్ ప్యాకెట్లు, కూల్ డ్రింకు, బయట మిర్చీ బజ్జీలు... పది, ఇరవై రూపాయల చొప్పున అవి అట్లనే కరిగిపోతయ్.

నెలాఖరుకు చేతిల పైసలు లేకపోతే మొదట తగ్గేది పప్పు, కూర. పిల్లలకు అన్నం, ఇంత పచ్చడి, కాసిన్ని నీళ్ల చారు. కడుపు నిండుతది గానీ ఒంటికి బలం రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు బియ్యం, జొన్న వంటి ధాన్యం 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు కావాలి. రేషన్ బియ్యం మనిషికి రోజుకు 200 గ్రాములు వస్తున్నది. ఒక జొన్నరొట్టె తోడైతే ధాన్యం లెక్క సరిపోయినట్టే. కొరత ఉన్నది పప్పు దగ్గర. అందుకే అగ్గువ వంట అంటే తక్కువ తినడం కాదు, పైసలు సరైన గిన్నెలో పడేటట్టు చూసుకోవడం.

ఇందుకు కొత్త వంటలు నేర్చుకునే పని లేదు. నిర్మల్, భైంసా, ఖానాపూర్ ఇళ్లల్లో ముస్లింలు, హిందువులు ఏళ్ల తరబడి వండుకుంటున్నవే చాలు.

ఖిచిడీ, ఖట్టా

ఆరుగురికి మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు ఎర్రపప్పు (మసూర్) కడిగి పెట్టుకోవాలి. రెండు చెంచాల నూనెలో ఉల్లిగడ్డ, షాజీరా, అల్లం వెల్లుల్లి, పసుపు వేయించి, ఎనిమిది గ్లాసుల నీళ్లు పోసి మరిగినంక పప్పు, బియ్యం, ఉప్పు వేయాలి. కొత్త బియ్యమైతే నీళ్లు కొంచెం తగ్గించాలి. ఎర్రపప్పు తొందరగా ఉడుకుతది కాబట్టి బియ్యంతోనే అయిపోతది. బియ్యంలో తక్కువున్న మాంసకృత్తుల భాగాన్ని పప్పు నింపుతది, పప్పులో తక్కువున్నదాన్ని బియ్యం నింపుతది. అందుకే ఈ జోడీ అంత మంచిది.

ఖట్టాకు నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీయాలి. వేయించిన నువ్వులు రెండు చెంచాలు, పల్లీలు రెండు చెంచాలు, జీలకర్ర నూరి కలపాలి. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేస్తే అయిపోయినట్టే. పొయ్యి అవసరం నువ్వులు, పల్లీలు వేయించేదాకే. పక్కింటి పచ్చిపులుసుకు ఇది చెల్లెలే.

ఖిచిడీ పక్కన ఖీమా కావాలని పిల్లలు అడిగితే మీల్ మేకర్‌ను వేడి ఉప్పు నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, బరకగా నూరి ఉల్లిగడ్డ మసాలాలో వేయించండి. మీల్ మేకర్‌లో దాదాపు సగం మాంసకృత్తులే. అది తయారయ్యేది మన జిల్లా రైతులు వానాకాలంలో వేసే సోయా గింజ నుంచే.

పుంటికూర పప్పు

ఉర్దూలో అంబాడా అన్నా, మన దగ్గర పుంటికూర అన్నా ఒకటే. దీనికి చింతపండు ఖర్చు కూడా లేదు. కందిపప్పు మెత్తగా ఉడికినంకనే ఆకు వేయాలి. పులుపు ముందే పడితే పప్పు ఉడకదు, గ్యాస్ వృథా. చింతపండుతో చేసే ఖట్టీ దాల్‌కు కూడా ఇదే సూత్రం. చివరికి ఒక చెంచా నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు.

పావుకిలో మాంసంతో దాల్చా

ఆదివారం కిలో మటన్ కొనలేని ఇంటికి దాల్చా ఉన్నది. ఒక గ్లాసు శనగపప్పు గంటసేపు నానబెట్టాలి. పావుకిలో బొక్కల మాంసం, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం వేసి పప్పుతో కలిపి ఒకే కుక్కర్‌లో ఉడికించాలి. మూత తీసినంక సొరకాయ ముక్కలు, అవి మెత్తబడ్డంక చింతపండు రసం. ఆరుగురికీ మాంసం రుచి అందుతది, కడుపు నింపేది పప్పు.

గ్యాస్, నూనె

14.2 కిలోల సిలిండర్ ఇంకో వారం రావాలంటే మూడు అలవాట్లు చాలు. శనగపప్పు, కందిపప్పు నానబెట్టండి. గిన్నె మీద మూత పెట్టండి. నీళ్లు మరిగినంక మంట తగ్గించండి. మరిగే నీళ్లకు మంట ఎంత పెంచినా వేడి పెరగదు, నీళ్లు ఆవిరైపోతయ్, అంతే. కుక్కర్‌కూ ఇదే మాట, మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టండి.

నూనె విషయంలో అదే సంస్థ చెప్పిన లెక్క మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడు కిలోల పైచిలుకు. మీ ఇంట్ల ఐదు కిలోలు లేస్తున్నయంటే పైసలూ పోతున్నయ్, ఆరోగ్యమూ పోతున్నది. సీసా వంచి పోయకుండా చెంచాతో కొలిచి పోస్తే తేడా నెలలోనే తెలుస్తది.

మిగిలింది పారేయొద్దు

ఇస్రాఫ్, అంటే దుబారా, మన దీన్‌లో తప్పు. మిగిలిన రొట్టెలను నలిపి, బెల్లం, ఒక చెంచా నెయ్యి కలిపితే మలీదా. సద్దుల బతుకమ్మకు పొరుగింట్లో చేసేదీ, ఫాతెహాకు మన ఇంట్లో చేసేదీ ఇదే. ఎండాకాలం మాత్రం పప్పు కలిపిన అన్నం రాత్రంతా బయట ఉంచొద్దు, లెక్కచూసి వండుకోవాలి.

నిర్మల్‌లో ఎందరో ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నరు. ఎన్ని బీడీలు చుడితే అంత కూలి. వాళ్లకు పొయ్యి దగ్గర గడిచే గంట కూడా కూలి నష్టమే. ఒకే గిన్నెలో అయ్యే ఖిచిడీ, ఒకే కుక్కర్‌లో అయ్యే దాల్చా ఆ గంటను కూడా మిగిలిస్తయ్. ఇంట్ల గర్భిణి, బాలింత ఉంటే అంగన్‌వాడీ కేంద్రంలో పేరు రాయించండి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అక్కడ భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తరు.

ఈసారి రేషన్ తెచ్చిన రోజే కిరాణాకు పోయి రెండు కిలోల ఎర్రపప్పు, రెండు కిలోల కందిపప్పు, కిలో శనగపప్పు, పావుకిలో నువ్వులు తెచ్చి డబ్బాలల్ల పోయండి. చేతిల పైసలున్నప్పుడు పప్పు ఇంటికి వస్తే, నెలాఖరున పిల్లల పళ్లెంల ఉత్త అన్నం ఉండదు.