చిన్న నట్టు... పెద్ద చేటు!

రాత్రి బైకు నిలిపిన చోట తెల్లారేసరికి రూపాయి బిళ్లంత నల్లటి మరక. 'ఏముందిలే, నట్టు కాస్త బిగిస్తే సరి' అనుకుంటారు చాలామంది. నెల తిరక్కుండానే మళ్లీ మరక, మళ్లీ బిగింపు. చివరికి ఓ రోజు ఎంత తిప్పినా నట్టు బిగుసుకోదు. ఉత్తినే తిరుగుతుంటుంది. లోపల మరలు పోయాయన్నమాట!

ఇంజిన్ అడుగున ఉండే డ్రెయిన్ నట్టు ఉక్కుది. అది బిగుసుకునే ఇంజిన్ భాగం చాలా బైకుల్లో అల్యూమినియంది. గట్టి లోహానికీ మెత్తటి లోహానికీ పోటీ పెడితే ఓడేదెవరో తెలిసిందే. సాధారణంగా ఈ నట్టుకు 20-30 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. పొడవాటి పానాతో బలమంతా వేస్తే అది సులువుగా దాటిపోతుంది. అసలు ఆయిల్ కారకుండా ఆపేది కండబలం కాదు, నట్టు కింది వాషర్. అది కాస్త నలిగి సందును పూడుస్తుంది. ఒకసారి నలిగింది మళ్లీ అంత బాగా పనిచేయదు. అందుకే ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వేయాలి. పాతదాన్నే వాడి, కారుతోందని ఇంకాస్త బిగించడంతోనే చేటు మొదలవుతుంది.

రజను చెప్పే రహస్యం

తీసిన ఆయిల్‌ను చూడకుండా పంపేయకండి. పల్చటి గుడ్డలో వడకట్టి, వెలుతురులో పరీక్షించండి. కొత్త బండి తొలి సర్వీసులో సన్నటి మెరుపు పొడి రావడం మామూలే. భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకునే దశ అది. వేలికి గరగరా తగిలే పలుకులో, పెచ్చులో వస్తేనే జాగ్రత్తపడాలి.

ఇక్కడ చిన్న అయస్కాంతమే డాక్టర్. దానికి అంటుకుంటే ఇనుమో ఉక్కో. అంటే గేర్లు, బేరింగులు, పిస్టన్ రింగుల్లో ఏదో అరుగుతోందని అనుమానించాలి. చాలా బైకుల్లో ఇంజిన్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్ మరి! అంటుకోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం కావచ్చు. అది సన్నటి తీగచుట్టలా ఉంటే నట్టు రంధ్రంలోంచి ఊడిన మరే అయ్యే అవకాశం ఎక్కువ. రాగి, ఇత్తడి రంగు పలుకులైతే బుష్షులవైపు చూడాలి. పెద్ద ముక్కలు కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌కు చూపించడమే మేలు.

బాగుచేయడం ఎలా?

నట్టు మరలే పాడైతే అదే కొలత కొత్త నట్టు సరిపోతుంది. రంధ్రంలో మరలు పోతే లేత్ పని తెలిసినవారి దగ్గర కాస్త పెద్దగా మర తీయించి, అందులో ఉక్కు తీగచుట్ట (హెలీకాయిల్) వేయించవచ్చు. అప్పుడు పాత కొలత నట్టే పడుతుంది. మర తీసే పనిముట్టుకు గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది. తర్వాత నట్టు పెట్టకుండా పైనుంచి కొద్దిగా ఆయిల్ పోస్తే, మిగిలిన రజను కూడా కిందికి కొట్టుకొస్తుంది. ఎంసీల్ ముద్ద, టెఫ్లాన్ టేపు ఇంటికి చేరడానికి పనికొస్తాయేమో గానీ, ఇంజిన్ వేడికీ అదురుకీ వాటిని నమ్ముకోలేం.

నమ్ముకుంటే? చాలా 100 సీసీ బైకుల్లో ఉండేది లీటరు అటూ ఇటూ ఆయిలే. దారిలో నట్టు ఊడితే చూస్తుండగానే ఖాళీ. వెనక టైరు మీద పడితే బండి జారుతుంది. ఆయిల్ లేక పిస్టన్ పట్టేస్తే ఇంజిన్ బోరుకొస్తుంది. ఓ వాషర్‌తో పోయేది వేలల్లోకి చేరుతుంది.

అందుకే ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు దగ్గరుండి చూడండి. కొత్త వాషర్ వేశారా? నట్టును మొదట చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పారా? చేత్తో సాఫీగా తిరగకపోతే అది వంకరగా ఎక్కుతున్నట్టే. తీసి మళ్లీ పెట్టమనండి. పానాకు పని చివర్లోనే!