118 డిగ్రీల బంగారం

జాతర దగ్గరపడితే ఏటూరునాగారం మీదుగా మేడారం పోయే దారిలో ఎటు చూసినా బెల్లం దిమ్మలే. అక్కడ దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మలకు మనిషి బరువుకు బరువు తూచి, నిలువెత్తు బంగారంగా మొక్కు చెల్లిస్తారు. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని బడిలో నేర్చుకున్న పాఠం ఈ బంగారం దగ్గర చెల్లదు.

చెరకు రసం పెనంలో 100కు కాస్త పైన మరగడం మొదలెడుతుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ తీపి చిక్కబడుతుంది. చక్కెర పట్టుకున్న నీరు తేలిగ్గా ఆవిరి కాదు, ఇంకా మంట అడుగుతుంది. తీగపాకానికి 106 దాటుతుంది, అచ్చుల్లో పోయడానికి దించేటప్పటికి 118 దగ్గరికి చేరుతుంది. థర్మామీటరుతో పనిలేదు. పళ్లెంలో చన్నీళ్లు, అందులో చుక్క పాకం, వేళ్ల మధ్య ఉండ కడితే దించేయడమే. అరిసెలు వండే అమ్మమ్మలదీ ఇదే పరీక్ష. చేతి మీద చిందిన పాకం వేణ్నీళ్ల కంటే ఘోరంగా కాలుస్తుంది. తప్పు ఆ పైడిగ్రీలది కొంత, వదలకుండా అంటుకునే జిగటది కొంత.

ఎసట్లో ఉప్పేస్తే తొందరగా ఉడుకుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. లీటరు నీళ్లకు 10 గ్రాముల ఉప్పు వేస్తే పెరిగేది డిగ్రీలో ఐదో వంతు కూడా కాదు. ఇక కరగదన్నంత ఉప్పు పోసినా 109 దాటదు. ఆ అన్నం ఎవరు తింటారు?

ఉప్పు సత్తా చూడాలంటే చలివైపు రావాలి. సముద్రపు నీరు గడ్డకట్టేది మైనస్ 1.8 దగ్గర. పాళ్లు కుదిరితే ఉప్పునీరు మైనస్ 21 దాకా గడ్డకట్టదు. కుల్ఫీ గొట్టాల చుట్టూ ఐసుమీద ఉప్పు చల్లేది అందుకే: ఐసు సున్నాకంటే చల్లగా కరుగుతుంది, లోపలి పాలు బిగుస్తాయి. ఫారన్‌హీట్ తన సున్నా గీత పెట్టుకున్నదీ ఐసు, నీళ్లు, నవాసాగరం కలిపిన మిశ్రమంలోనే.

రికార్డు మాత్రం అంటార్కిటికాలోని ఓ మడుగుది. 1961లో కనిపెట్టారు. లోతు చీలమండ దాకా, బరువులో 40 శాతం పైగా ఉప్పులే. అందులోనూ ఎక్కువ పాలు కాల్షియం క్లోరైడు. మైనస్ 50 చలిలోనూ నీరు నీరుగానే ఉంటుంది. హెలికాప్టర్ పైలట్లు డాన్ రో, జాన్ హికీల పేర్లు కలిపి దానికి డాన్ హువాన్ అని పెట్టారు. అంత చలిలోనూ గడ్డకట్టని మడుగుకు దొరికింది చివరికి ఓ స్పానిష్ రసికుడి పేరు.